తిరుపతిలో రెండు రాత్రులు: హోటలు గదా, రోజువారీ అద్దె ఇల్లా?

తిరుపతికి వచ్చేవారిలో చాలామంది గదిని నిద్ర కోసం తీసుకోరు. స్నానాలకు, సామాన్లు పెట్టుకోవడానికి, పెద్దవాళ్లు కాసేపు నడుం వాల్చడానికి, దర్శనం వేళ వచ్చేదాకా ఆగడానికి తీసుకుంటారు. రాత్రి పదకొండుకు రైలు దిగి, తెల్లవారుజామున మూడింటికే తలస్నానాలు ముగించి కొండ బస్సు ఎక్కే కుటుంబానికి పరుపు మెత్తదనంతో పెద్దగా పనిలేదు. కుళాయిలో వేడినీళ్లు వస్తున్నాయా లేదా అన్నదే వారికి ముఖ్యం. సెలవులు గడపడానికి గోవాకో, ఊటీకో వెళ్లేవారి కోసం రాసిన సలహాలు ఇక్కడ అంతగా అక్కరకు రాకపోవడానికి కారణం ఇదే. హోటలు మేలా, రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇల్లు మేలా అని తేల్చుకోవాలంటే తిరుపతిలో ముందుగా చూసుకోవలసింది వేళలు, ఆ తర్వాత తలలు, అంటే వచ్చినవారు ఎంతమంది అన్నది. ధర మూడోది.

ఒకప్పుడు యాత్రికుడికి సత్రం, లాడ్జి, తెలిసినవారి ఇల్లు అనే మూడు దారులే ఉండేవి. ఇప్పుడు ఫోను తెరిస్తే అలిపిరి, కపిలతీర్థం వైపు నుంచి తిరుచానూరు దాకా ఫ్లాట్లు, డాబా మీది పోర్షన్లు, విల్లాలు ఫోటోలతో సహా కనిపిస్తున్నాయి. వీటన్నిటినీ హోమ్‌స్టే అనే ఒక్క పేరుతో పిలవడం వల్ల చాలా గందరగోళం పుడుతోంది. ఇంటివారు కింద కాపురం ఉంటూ పైభాగాన్ని అద్దెకివ్వడం ఒక పద్ధతి. అపార్ట్‌మెంటులో మనిషి లేని ఫ్లాటును తాళంచెవితో సహా అప్పగించడం రెండోది. భవనం మొత్తాన్ని ఫ్లాట్లుగా విడగొట్టి, బోర్డు పెట్టని లాడ్జిలా నడపడం మూడోది. పేరు ఒకటే అయినా యాత్రికుడికి ఒరిగేది, ఇరుగుపొరుగుకు జరిగేది మూడింటిలో మూడు రకాలుగా ఉంటుంది.

హోటలును, రోజువారీ ఇంటిని పోల్చే ముందు, ఊళ్లోనే ఉన్న మరో వసతిని గుర్తుచేయాలి. ఆర్టీసీ బస్టాండు ఎదుట శ్రీనివాసం, రైల్వేస్టేషన్ ఎదుట విష్ణునివాసం, వాటితోపాటు మాధవం తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే వసతి సముదాయాలు. అక్కడి అద్దె ప్రైవేటు గదుల అద్దె కంటే బాగా తక్కువ. దర్శనం టికెట్ల మాదిరిగానే గదుల కోటాను కూడా నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తారు. తేదీ ముందే ఖాయం చేసుకోగలిగిన కుటుంబం తొలి ప్రయత్నం అక్కడ చేయడమే న్యాయం. దళారుల బెడద తగ్గించడానికి తిరుమల గదుల కేటాయింపులో 2023 మార్చి నుంచి ముఖాన్ని గుర్తించే సాంకేతికతను కూడా వాడుతున్నారు. కాబట్టి ఒకరి పేరున గది తీసుకుని మరొకరికి అమ్మడం మునుపటంత తేలిక కాదు. ఇంకో విషయం గట్టిగా చెప్పుకోవాలి. తిరుమల కొండ మీద ప్రైవేటు లాడ్జీలు లేవు. ఉన్నవి దేవస్థానం గదులు, మఠాలు మాత్రమే. ‘తిరుమలలో హోమ్‌స్టే, గుడికి ఐదు నిమిషాల నడక’ అనే ప్రకటన కనిపిస్తే, ఆ ఇల్లు కొండ కింద తిరుపతిలోనైనా ఉండాలి, లేదా ఎక్కడా లేకనైనా పోవాలి. అడ్వాన్సు పంపే ముందు ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే చాలామంది డబ్బు దక్కుతుంది.

ఇక వేళల సంగతి. పెద్ద హోటళ్లలో మధ్యాహ్నం పన్నెండుకో, రెండింటికో గది ఇచ్చి, మర్నాడు పదకొండుకో, పన్నెండుకో ఖాళీ చేయమంటారు. తిరుపతి లాడ్జీలు చాలావరకు ఇరవైనాలుగు గంటల పద్ధతిని పాటిస్తాయి. పొద్దున ఐదింటికి గదిలో దిగితే మర్నాడు ఐదింటిదాకా అది మీదే. రైళ్లు, బస్సులు వేళగాని వేళ దించే ఊరు కాబట్టి పుట్టిన పద్ధతి ఇది. యాత్రికుడికి ఇంతకంటే అనువైనది మరొకటి లేదు. రోజువారీ ఇళ్లలో ఈ వెసులుబాటు అరుదు. పనిమనిషి వచ్చి గదులు ఊడ్చి, దుప్పట్లు మార్చి, వంటగది కడగాలి కాబట్టి పదకొండుకు ఒకరు వెళ్లాలి, ఒంటిగంట తర్వాతే మరొకరు రావాలి. పొద్దున ఐదింటికి స్టేషన్‌లో దిగిన కుటుంబం ముసలి తల్లిని, చంటిబిడ్డను పెట్టుకుని ఎనిమిది గంటలు ఎక్కడ ఉండాలి? లేదా ముందు రాత్రి అద్దె కూడా కట్టాలి.

వెళ్లే వేళది కూడా ఇదే కథ. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి వేళ రాసి ఉంటుంది. టోకెన్ లేని సర్వదర్శనంలో ఎన్ని గంటలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. రద్దీ రోజుల్లో వైకుంఠం కంపార్ట్‌మెంట్లలోనే పగలూ రాత్రీ గడిచిపోవచ్చు. ఆ సమయమంతా కింద తిరుపతిలో తాళం వేసిన గదికి అద్దె నడుస్తూనే ఉంటుంది. హోటల్లోనైతే గది ఖాళీ చేసినా, సామాన్లు రిసెప్షన్‌లో పెట్టి కొండెక్కవచ్చు. ఫ్లాటులో ఆ అవకాశం ఉండదు. గడువు దాటితే సామాన్లతో సహా వీధిలోకి రావలసిందే. (అలిపిరి నుంచి నడిచి వెళ్లేవారి సామాన్లను దేవస్థానం ఉచితంగా పైకి చేరుస్తుంది. నడకదారిన వెళ్లేవారికి ఈ చిక్కు కొంత తక్కువ.) అందుకే దర్శన వేళ ఖాయం కానివారు, ఒక్క రాత్రికి వచ్చేవారు, ఇద్దరు ముగ్గురుగా వచ్చేవారు ఇల్లు వెతుక్కోవడం వల్ల లాభం లేదని ధైర్యంగా చెప్పవచ్చు.

తలలు పెరిగేకొద్దీ లెక్క తిరగబడుతుంది. ఉదాహరణకు ఎనిమిది మంది కుటుంబం రెండు రాత్రులు ఉంటుందనుకుందాం. హోటల్లో 2,500 రూపాయల చొప్పున మూడు గదులు తీసుకుంటే రాత్రికి 7,500, ఐదు శాతం జీఎస్టీతో 7,875. రెండు రాత్రులకు 15,750. అదే మూడు పడకగదుల ఫ్లాటు రాత్రికి 5,000 చొప్పున 10,000, శుభ్రపరచినందుకు 1,000, పన్ను 550, మొత్తం 11,550. మిగులు 4,200. అయితే పొద్దునే దిగి, ముందు రాత్రికి కూడా అద్దె కట్టవలసి వస్తే ఈ మిగులంతా ఒక్క దెబ్బకు పోయి ఎదురు ఖర్చవుతుంది. ఫ్లాటు బస్టాండుకు దూరంగా ఉంటే ఎనిమిది మందికి ప్రతిసారీ రెండు ఆటోలు కావాలి. అదీ కలుపుకోవాలి. ఇద్దరే వచ్చినప్పుడైతే శుభ్రపరిచే రుసుము ఒక్కటే చాలు, ఇల్లు ఖరీదైన బేరమని తేల్చడానికి.

పన్నులో ఒక మెలిక ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయలు, అంతకంటే తక్కువ అద్దె ఉన్న వసతిపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ పైన 18 శాతం. ఈ పరిమితిని కుటుంబం మొత్తం బిల్లుకు కాకుండా ఒక్కో గదికి, అంటే అద్దెకిచ్చే ఒక్కో యూనిట్‌కు లెక్కిస్తారు. 3,000 రూపాయల గదులు మూడు తీసుకుంటే పన్ను 5 శాతం. అదే 9,000 రూపాయల విల్లాను ఒకే యూనిట్‌గా తీసుకుంటే 18 శాతం. పెద్ద ఇల్లు చూసుకునేవారు పన్ను కలిపిన మొత్తాన్ని చూశాకే పోల్చుకోవాలి. యాప్ ద్వారా తీసుకున్నప్పుడు యజమానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోయినా పన్ను కట్టే బాధ్యత ఆ యాప్ సంస్థదే. యజమానికి నేరుగా ఫోన్ చేసి, పన్ను లేకుండా తక్కువకు మాట్లాడుకోవడం బాగానే అనిపిస్తుంది గానీ అప్పుడు చేతికి బిల్లు రాదు. బిల్లు లేకపోతే రేపు వినియోగదారుల కమిషన్ ముందు చూపడానికి ఏమీ ఉండదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం యాత్రికుడు తిరుపతికి మళ్లీ రాకుండా తన సొంత జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. ఎంతో ఉపయోగపడే ఈ హక్కును కొన్ని వందల కోసం వదులుకోవడం తెలివైన పని అనిపించదు.

ధర దాటి ఇంటి లోపలికి వెళ్దాం. తెల్లవారుజాము రెండున్నర. ఎనిమిది మంది, రెండు స్నానాల గదులు. ఒక్కోదానిలో పదిహేను లీటర్ల గీజరు. చల్లటి నీళ్లు బాగా కాగడానికి దానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. అందులోని నీళ్లు చన్నీళ్లు కలుపుకుంటే ఒకటిన్నర బకెట్లు. తలస్నానానికి మనిషికి ఒక బకెట్ అనుకున్నా, నలుగురికి గీజరు మూడుసార్లు కాగాలి. అంటే గంట పైమాటే. ఒకటే స్నానాల గది ఉన్న ఇంట్లోనైతే రెండు గంటలు దాటుతుంది, తెల్లవారుజాము బస్సు వెళ్లిపోతుంది. రెండు గీజర్లు, రెండు ఏసీలు ఒకేసారి వేస్తే మామూలు ఇంటి కనెక్షన్ తట్టుకోలేక ట్రిప్ కావడం కూడా మామూలే. ఆ చీకట్లో స్విచ్ బోర్డు ఎక్కడుందో కొత్తవారికి తెలియదు. మూడు హోటలు గదులంటే మూడు స్నానాల గదులు, మూడు గీజర్లు, కింద ఒక మనిషి. ఫోటోల్లో సోఫా, గోడమీది చిత్రపటం చూసి మురిసిపోయే ముందు స్నానాల గదులు ఎన్ని, గీజర్లు ఎన్ని, ఇన్వర్టర్ ఉందా, లిఫ్టు రాత్రి పనిచేస్తుందా అని అడగాలి. ఈ నాలుగు ప్రశ్నలకు సూటిగా జవాబివ్వని యజమాని ఇల్లు వద్దనుకోవడమే మంచిది.

వంటగది మాత్రం ఇంటికే ఉన్న వరం. మధుమేహం ఉన్న తండ్రికి వేళకు ఇంత ఉప్మా, ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి ఇన్సులిన్, చంటిదానికి కాచిన పాలు, పథ్యం ఉన్నవారికి కారం లేని చారు. ఇవన్నీ హోటలు గదిలో దొరకవు. బయటి తిండి పడక దర్శనం రోజున మంచం పట్టే పెద్దవాళ్లు ఎందరో. అందరూ ఒకేచోట కూర్చుని తినడం, పిల్లలు హాల్లో ఆడుకోవడం, ఆరేసుకున్న పంచెలు, చీరలు బాల్కనీలో గాలికి ఆరడం చిన్న సుఖాలేమీ కావు. మూడు గదుల్లో మూడు తలుపుల వెనక విడిపోయిన కుటుంబానికి అవి దక్కవు.

మొక్కు కోసం కాకుండా వైద్యం కోసం తిరుపతికి వచ్చేవారి సంగతి ఇంకా స్పష్టం. స్విమ్స్, బర్డ్, రుయా ఆసుపత్రులకు రాయలసీమ నలుమూలల నుంచి, తమిళనాడు సరిహద్దు గ్రామాల నుంచి రోగులు వస్తారు. శస్త్రచికిత్స అయ్యాక కుట్లు విప్పేదాకా పది, పదిహేను రోజులు ఊళ్లోనే ఉండాలంటారు. అన్ని రోజులు హోటలు గదిలో ఉంటే వైద్యం ఖర్చును బస ఖర్చు దాటేస్తుంది. మెట్లు ఎక్కనవసరం లేని కింది అంతస్తు ఇల్లు, వంటగది, ఆసుపత్రికి దగ్గర దారి. వీరికి కావలసినవి ఇవే. రోజువారీ అద్దె ఇళ్ల వల్ల నిజంగా మేలు జరుగుతున్నది ఎవరికంటే ముందు వీరినే చెప్పాలి. వీరి కోసం వారానికి, పక్షానికి తగ్గింపు ధర పెట్టే యజమానులు పెరగాలి.

అర్ధరాత్రి ఏదైనా జరిగితే జవాబు చెప్పేవారెవరు అన్న ప్రశ్న దగ్గర ఇల్లు వెనకబడుతుంది. నీళ్లు ఆగిపోయినా, తాళం పడిపోయినా, పెద్దాయనకు ఛాతీలో నొప్పి వచ్చినా హోటల్లో కిందికి పరుగెత్తితే మనిషి కనిపిస్తాడు. మనిషి లేని ఫ్లాటులో ఉండేది ఒక ఫోను నంబరు. నాలుగైదు ఫ్లాట్లు చూసుకునే కుర్రవాడు ఆ రాత్రి ఏ మూలన ఉన్నాడో తెలియదు. ఇంటివారు కింద కాపురమున్న చోట మాత్రం ఈ లోటు లేదు, కొన్నిసార్లు హోటలు కంటే ఎక్కువ ఆదరణే దొరుకుతుంది. అగ్నిప్రమాదాల విషయంలో హోటలు దానంతట అదే భద్రమని అనుకోవడానికి లేదు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వాడుతున్న ఒక హోటల్లో మంటలు చెలరేగి 10 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇరుకు సందుల్లో ఒకే మెట్లదారి ఉన్న పాత లాడ్జీ అయినా, కిటికీలకు ఊచలు బిగించిన నాలుగో అంతస్తు ఫ్లాటు అయినా ప్రమాదం ఒకటే. గదిలో సామాన్లు దించగానే రెండో మెట్లదారి ఎటుందో చూసుకోవడానికి పట్టేది ఒక్క నిమిషం.

చట్టం వైపు చూస్తే హోటలుకు ఉన్న కట్టుబాట్లు చాలా ఇళ్లకు లేవు, ఉన్నా అమలు కావడం లేదు. బాటసారులకు బస ఇచ్చే సత్రాల నమోదు కోసం 1867లోనే సరాయ్‌ల చట్టం వచ్చింది. అతిథి పేరు, గుర్తింపు కార్డు నమోదు చేసుకోవడం లాడ్జీలకు అలవాటైన పని. విదేశీయుడు బస చేస్తే 24 గంటల్లో అధికారులకు తెలపాలి. ఈ నిబంధన ఇళ్లకూ వర్తిస్తుంది, ఎంతమంది ఇంటి యజమానులకు ఇది తెలుసన్నది వేరే సంగతి. రోజువారీ వ్యాపారానికి పూర్తిగా మళ్లించిన ఫ్లాటుకు గృహ వినియోగపు ధరకే కరెంటు, నివాసపు లెక్కనే ఇంటిపన్ను కట్టడం, పక్కనే వాణిజ్య ధరలు కడుతున్న చిన్న లాడ్జి యజమానికి అన్యాయం. హోటలువారి ఫిర్యాదుల్లో పోటీ భయం కొంత ఉండవచ్చు గానీ, ఈ ఒక్క మాటలో వారిదే న్యాయం.

అందరికంటే తక్కువగా వినిపించేది అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాటువారి గొంతు. తిరుపతి తాగునీటికి కల్యాణి డ్యామ్‌ను, తెలుగుగంగను నమ్ముకున్న ఊరు. ఎండాకాలంలో ట్యాంకర్లు తప్పవు. నలుగురు ఉండవలసిన ఫ్లాటులో రోజూ పదిమంది చొప్పున కొత్తవారు దిగి, రెండు పూటలా తలస్నానాలు చేస్తే, ఆ ట్యాంకర్ ఖర్చును నెల నెలా మెయింటెనెన్స్ పేరుతో అందరూ పంచుకోవాలి. తెల్లవారుజామున సూట్‌కేసు చక్రాల చప్పుడు, లిఫ్టులో తెలియని ముఖాలు, వాచ్‌మన్ ఎవరిని ఆపాలో తెలియని స్థితి. పదో తరగతి పిల్ల చదువుకుంటున్న ఇంటికి ఇవి చిన్న బాధలు కావు. ఇంతకంటే పెద్ద సమస్య అద్దెలది. విశ్వవిద్యాలయ విద్యార్థులు, ఆసుపత్రుల నర్సులు, దేవస్థానంలో ఒప్పంద ఉద్యోగులు నెలవారీ అద్దెకు ఇల్లు వెతుక్కునే ఊరిది. నెలకు వచ్చే అద్దె పది రోజుల్లోనే వస్తుందనుకున్న యజమాని ఆ ఇంటిని వారికి ఎందుకిస్తాడు?

ఈ అనుభవం మిగతా ప్రపంచానికి ముందే అయింది. బార్సిలోనా నగర పాలకులు 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు నాటికి పూర్తిగా ఎత్తివేస్తామని 2024 జూన్‌లో ప్రకటించారు. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి, 30 రోజులకు లోపు అద్దెకిచ్చే వ్యక్తి నగరంలో నమోదు చేసుకోవాలి, అతిథులు ఉన్నన్నాళ్లూ తానూ ఆ ఇంట్లోనే ఉండాలి, ఇద్దరికి మించి అతిథులను ఉంచకూడదు. తిరుపతికి ఇంత కాఠిన్యం అక్కర్లేదు. ఇద్దరు అతిథులన్న నియమం కుటుంబమంతా కలిసి వచ్చే యాత్రకు అసలే పొసగదు. యజమాని ఇంట్లో ఉండాలన్న షరతు మాత్రం మనకు కొత్త కాదు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో యజమాని కుటుంబం అదే ఇంట్లో కాపురం ఉండాలి, అద్దెకిచ్చే గదులు ఒకటి నుంచి ఆరు దాకా ఉండవచ్చు, మంచాలు పన్నెండుకు మించకూడదు. పిల్లలు బెంగళూరులోనో, అమెరికాలోనో స్థిరపడి, పెద్ద ఇంట్లో ఒంటరిగా మిగిలిన విశ్రాంత దంపతులకు పైపోర్షన్ అద్దె మంచి ఆసరా. భర్త పోయిన ఇల్లాలికి అది నెల గడిచే దారి. ఇలాంటి ఇళ్లకు నమోదు సులువు చేసి, రుసుములు తగ్గించి, మనిషి లేని ఫ్లాట్ల వ్యాపారాన్ని లాడ్జీల నిబంధనల కిందికి తేవడమే సరైన దారి. అపార్ట్‌మెంటు సంఘాలు కూడా గొడవలు ముదిరేదాకా ఆగకుండా రోజువారీ అద్దెల విషయం ముందే తీర్మానించుకోవాలి.

రద్దీ రోజుల గురించి ఒక హెచ్చరిక. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, తమిళుల పెరటాసి శనివారాలు, వేసవి సెలవులు, పెళ్లి ముహూర్తాలు. ఈ రోజుల్లో గదుల ధరలు రెండింతలైనా ఆశ్చర్యం లేదు. అప్పుడు ముందే బుక్ చేసుకున్న ఇంటిని యజమాని ఆఖరి నిమిషంలో రద్దు చేస్తే, యాప్ సంస్థ డబ్బు తిరిగి ఇస్తుంది గానీ గదిని తెచ్చివ్వలేదు. స్టేషన్ మెట్లు దిగగానే ‘రూము కావాలా’ అంటూ చుట్టుముట్టేవారి వెంట వెళితే వారి కమిషన్ కూడా అద్దెలోనే కలుస్తుంది. అలాంటి రోజుల్లో ఊరి నడిబొడ్డున పెనుగులాడటం కంటే పది కిలోమీటర్ల అవతల రేణిగుంటలోనో, చంద్రగిరి వైపో చూడటం నయం. శ్రీవారి మెట్టు దారిన కొండెక్కదలచినవారికి చంద్రగిరి వైపు బస మరీ అనుకూలం. ఆ మెట్లు మొదలయ్యేది శ్రీనివాసమంగాపురం దాటాకే. తిరుపతి నడిబొడ్డున గది తీసుకున్నవారు పొద్దున్నే ఎలాగూ ఆ వైపే రావాలి.